పిల్లికి డిప్రెషన్ మందు: తేలిందెంత, తేలనిదెంత

మనుషుల డిప్రెషన్‌కు వాడే మాత్రలను పిల్లులకు రాయడం మొదలై మూడు దశాబ్దాలు దాటింది. ఇన్నేళ్లలో వాదం సద్దుమణగలేదు సరికదా, మరింత చిక్కుపడింది. సమస్య ముదిరి ఇల్లు పోగొట్టుకోబోయే పిల్లులను ఈ మందులే నిలబెట్టాయని ఒక పక్షం అంటుంది. ఇంట్లో ఉన్న లోపాన్ని సరిదిద్దకుండా పిల్లి నోట్లో మాత్ర వేసి చేతులు దులుపుకుంటున్నారని రెండో పక్షం అంటుంది. మూడో పక్షానికి ఈ ఇద్దరి మీదా గురి లేదు. మీ మాటకు ఆధారం ఎన్ని పిల్లుల మీద చేసిన పరీక్ష అని అది అడుగుతుంది. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ఆ నిజం అన్ని జబ్బులకూ ఒకేలా వర్తించదు. తగాదా తెగకపోవడానికి పెద్ద కారణం అదే.

ముందుగా ఒక సంగతి. ఈ మందులను పిల్లి దిగులు పోగొట్టడానికి వాడరు. ఇంట్లో గోడల మీద, సోఫాల మీద మూత్రం చిమ్మడం, తగ్గని భయం, తోటి పిల్లులతో ఎడతెగని పోట్లాట, ఒళ్లంతా నాకి నాకి బొచ్చు ఊడగొట్టుకోవడం వంటివాటికి వాడతారు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం నాడీకణాల మధ్య ఎక్కువసేపు నిలిచేలా చేసి ఆందోళనను, దుడుకును తగ్గించడమే వీటి పని. ఫ్లూయాక్సెటిన్ ఈ ఒక్క రసాయనం మీదే ప్రధానంగా పనిచేస్తుంది. పాత తరానికి చెందిన క్లోమిప్రమిన్, అమిట్రిప్టిలిన్ మరికొన్ని రసాయనాలనూ కదిలిస్తాయి. అందుకే వాటి దుష్ఫలితాల జాబితా కాస్త పొడవు.

ఫ్లూయాక్సెటిన్‌కు ముందు ఏం వాడారు

ఈ మందుల మీద వచ్చే అభ్యంతరాలను తూచాలంటే, వీటికి ముందు ఏం వాడేవారో తెలియాలి. 1970లు, 80లలో మూత్రం చిమ్మే పిల్లులకు ఆడ హార్మోన్ల వంటి ప్రొజెస్టిన్లు ఇచ్చేవారు. కొన్ని పిల్లుల్లో గుణం కనబడేది. కానీ వాటితో మధుమేహం, రొమ్ము గ్రంథుల్లో గడ్డలు, అడ్రినల్ గ్రంథి పని తగ్గడం వంటివి వచ్చాయి. తర్వాత ఆందోళన తగ్గించే డయాజిపామ్ వంతు. వాడినన్నాళ్లు పనిచేసేది, ఆపగానే చాలా పిల్లులు మళ్లీ మొదలుపెట్టేవి. 1996లో అమెరికా పశువైద్య పత్రికలో ఒక నివేదిక వచ్చింది. నోటి ద్వారా డయాజిపామ్ తీసుకున్న 11 పిల్లులకు కాలేయం హఠాత్తుగా చెడిపోయిన వైనం అందులో ఉంది. ఆ దెబ్బతో రోజూ ఇచ్చే మందుగా డయాజిపామ్‌పై వైద్యులకు నమ్మకం పోయింది.

ఈ మధ్యలో, 1993లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో బెంజమిన్ హార్ట్ బృందం బస్పిరోన్ అనే మరో ఆందోళన మందును 62 పిల్లుల మీద పరీక్షించింది. సగానికి కొంచెం పైగా పిల్లుల్లో మార్పు కనిపించింది. మందు ఆపాక తిరగబెట్టడం కూడా డయాజిపామ్ కన్నా తక్కువే. మనుషుల కోసం ఫ్లూయాక్సెటిన్ 1987 చివర్లో అమెరికాలో ఆమోదం పొందింది. తొంభైల్లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో నికొలస్ డాడ్‌మన్ వంటి ప్రవర్తన వైద్యులు దాన్ని జంతువులకూ వాడి చూశారు. 1993లోనే అమెరికాలో పశు ప్రవర్తన వైద్యుల కళాశాల ఏర్పడటంతో ఈ రంగానికి వృత్తి గౌరవం కూడా దక్కింది.

కుక్కల విషయంలో కథ త్వరగా కాగితం మీదికి ఎక్కింది. యజమాని దూరమైతే తల్లడిల్లే కుక్కల కోసం అమెరికా ఎఫ్‌డీఏ 1998లో క్లోమిప్రమిన్‌కు, 2007లో ఫ్లూయాక్సెటిన్‌కు ఆమోదం ఇచ్చింది. పిల్లి ప్రవర్తన సమస్యకు మాత్రం అక్కడ ఏ డిప్రెషన్ మందుకూ అలాంటి ఆమోదం లేదు. మిర్టజపిన్‌కు 2018లో పిల్లుల కోసం అనుమతి వచ్చిన మాట నిజమే. అది డిప్రెషన్ మందుల కుటుంబానిదే, కానీ అనుమతి బరువు తగ్గిపోతున్న పిల్లికి ఆకలి పుట్టించడానికి. కాబట్టి పిల్లికి ఫ్లూయాక్సెటిన్ రాసే ప్రతి వైద్యుడూ మందు డబ్బా మీద ముద్రించని వాడకానికే రాస్తున్నట్టు. ఇది చట్టవిరుద్ధం కాదు, పశువైద్యంలో నిత్యం జరిగేదే. కాకపోతే మోతాదు, జాగ్రత్తలు, ఎన్నాళ్లు వాడాలన్నది తయారీదారు కాగితంలో దొరకవు. వైద్యుడి అనుభవం, పత్రికల్లో వచ్చిన పరీక్షలే దిక్కు.

గట్టి ఆధారం ఉన్న ఒకే ఒక్క చోటు

ఆ పరీక్షల్లో మెరుగైనవన్నీ దాదాపు మూత్రం చిమ్మడం చుట్టూనే ఉన్నాయి. నిలబడి, తోక ఎత్తి వణికిస్తూ, గోడ మీదికో తలుపు మీదికో వెనక్కి చిమ్మడం ఇది. పిల్లి తన సరిహద్దుకు గుర్తు పెట్టే పద్ధతి. ఆపరేషన్ చేయని గండుపిల్లిలో ఇది మామూలు. ఆపరేషన్ చేయిస్తే పదింటిలో దాదాపు తొమ్మిది గండుపిల్లులు మానేస్తాయి. మానని ఆ కొన్నిటితోనే, ఇంట్లో ఉండే కొన్ని ఆడపిల్లులతోనే ఈ చర్చంతా.

2001లో డేవిస్ బృందం 17 పిల్లులతో ఎనిమిది వారాల పరీక్ష నడిపింది. సగానికి ఫ్లూయాక్సెటిన్, మిగతావాటికి ఉత్తుత్తి మాత్ర. ఏది ఎవరికి వెళ్తుందో యజమానులకూ తెలియదు, పరీక్షించేవారికీ తెలియదు. మందు తీసుకున్న పిల్లులు మొదట వారానికి సగటున 8 సార్లకు పైగా చిమ్మేవి. చివరి వారాలకు అది ఒక్కసారి కన్నా తక్కువకు పడిపోయింది. ఉత్తుత్తి మాత్ర తిన్నవాటిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇంత స్పష్టమైన తేడా పశు ప్రవర్తన శాస్త్రంలో అరుదు. అదే పరీక్షలో మందు తీసుకున్న 9 పిల్లుల్లో 4 తిండి తగ్గించాయి. ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి, భద్రత దగ్గర మళ్లీ పనికొస్తుంది.

2004లో మరో బృందం 67 పిల్లులకు క్లోమిప్రమిన్ వేర్వేరు మోతాదుల్లో ఇచ్చి చూసింది. కిలో బరువుకు పావు నుంచి అర మిల్లీగ్రామ్ దగ్గర ఫలితం బాగుంది. అంతకన్నా పెంచితే పెద్దగా ఒరిగిందేమీ లేదు, మగత మాత్రం పెరిగింది. 2005లో హార్ట్ బృందం ఈ రెండు మందులనూ పక్కపక్కన పెట్టి పదహారు వారాలు పరీక్షించింది. రెండూ సమానంగానే పనిచేశాయి. ఎనిమిది వారాల దగ్గర ఆపకుండా కొనసాగించిన పిల్లులకు మేలు ఇంకా పెరిగింది. హఠాత్తుగా ఆపేసిన పిల్లుల్లో ఎక్కువభాగం మళ్లీ చిమ్మడం మొదలుపెట్టాయి. అప్పుడు మళ్లీ అదే మందు ఇస్తే మళ్లీ తగ్గింది.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక తీర్పు ఇవ్వొచ్చు. ఆపరేషన్ అయిన పిల్లి, రోగం ఏమీ లేదని తేలిన పిల్లి, ఇంట్లో మార్పులు చేసినా మూత్రం చిమ్మడం మానకపోతే, ఫ్లూయాక్సెటిన్ గానీ క్లోమిప్రమిన్ గానీ వాడటానికి తగిన ఆధారం ఉంది. 'మాత్రలతో పిల్లిని మత్తులో ముంచుతున్నారు' అనే విమర్శ ఈ ఒక్క చోట నిలవదు. సరైన మోతాదులో ఈ పిల్లులు రోజంతా పడుకుని ఉండవు, చిమ్మడం ఒక్కటే తగ్గుతుంది.

తగాదా ముదిరిన రెండు చోట్లు

ఈ ఫలితాన్ని పట్టుకుని ఇతర సమస్యలకూ అదే మందు రాయడంతోనే అసలు గొడవ మొదలైంది. మొదటిది మూత్రాశయం వాపు. కారణం తెలియకుండా పదేపదే వచ్చే ఈ వాపుకు అమిట్రిప్టిలిన్ ఇస్తే ఎలా ఉంటుందని 1998లో 15 పిల్లుల మీద ఏడాదిపాటు చూశారు. చివరి ఆరు నెలల్లో 9 పిల్లులకు లక్షణాలు కనబడలేదు. ఆ రోజుల్లో ఈ వార్తకు మంచి ఆదరణ దొరికింది. కానీ పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర తీసుకున్న గుంపు అందులో లేదు. 2003లో రెండు వేర్వేరు పరీక్షల్లో ఇదే మందును కొద్ది రోజులపాటు ఇచ్చి చూస్తే ప్రయోజనం కనబడలేదు. ఈ వాపు చాలాసార్లు వారంలోపే దానంతటదే తగ్గిపోతుంది. అలాంటి జబ్బుకు ఏ మందు ఇచ్చినా వారం తిరిగేసరికి ఆ మందే తగ్గించినట్టు కనిపిస్తుంది.

ఇక్కడే ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన టోనీ బఫింగ్‌టన్ వాదం ముందుకొచ్చింది. మూత్రాశయం ఒక్కటే చెడలేదని, పిల్లి మొత్తంగా ఒత్తిడిలో ఉందని, ఆ ఒత్తిడి ఒళ్లంతా కనిపిస్తోందని ఆయన అంటారు. ఈ లక్షణాల సమూహానికి ఆయన 'పండోరా సిండ్రోమ్' అని పేరు పెట్టారు. 2006లో ఆయన బృందం 46 పిల్లుల ఇళ్లలో మార్పులు చేయించింది. లిట్టర్ ట్రేలు పెంచడం, దాక్కునే చోట్లు ఇవ్వడం, ఎత్తయిన అరలు పెట్టడం, ఆడించడం. నెలల తరబడి గమనిస్తే మూత్ర సమస్యలే కాదు, భయం, బెదురు కూడా తగ్గాయి. అయితే నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఇందులోనూ పోల్చుకోవడానికి మరో గుంపు లేదు. అమిట్రిప్టిలిన్ పరీక్షలో ఏ లోపాన్ని ఎత్తి చూపుతామో అదే లోపం ఇక్కడా ఉంది. మందులకు ఎదురు నిలిచినవారు ఈ సంగతిని తరచూ వదిలేస్తారు. ఇంటి మార్పుల వల్ల పిల్లికి నష్టం జరగదు కాబట్టి వాటికి ఆధారం కాస్త పలచగా ఉన్నా ఒప్పుకోవచ్చు అన్నది వారి సమాధానం. అది సబబే. కానీ రుజువైందని చెప్పుకోవడం వేరు.

రెండో తగాదా బొచ్చు ఊడగొట్టుకోవడం దగ్గర. పొట్టకింద, తొడల మీద బొచ్చు లేకుండా పిల్లి వస్తే 'మానసికం' అని మాత్ర రాసే అలవాటు చాలా కాలం ఉంది. 2006లో కెనడా, అమెరికా పరిశోధకులు అలా మానసికమని పంపిన 21 పిల్లులను పట్టి పట్టి పరీక్షించారు. 16 పిల్లులకు అసలు కారణం శరీరంలోనే ఉంది. ఆహారం పడకపోవడం, అలర్జీలు, పురుగులు, చర్మవ్యాధులు వగైరా. 3 పిల్లులకు శరీరమూ మనసూ రెండూ కారణమే. కేవలం మానసికం అనదగినవి రెండే. ఈ రంగంలో నా దృష్టికి అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే. ఏ మందు పనిచేస్తుందో ఇది చెప్పలేదు. మందు అవసరమే లేని పిల్లులకు ఎన్ని మాత్రలు వెళ్తున్నాయో చూపించింది.

తోటి పిల్లులతో పోట్లాటకు, కొత్తవారిని చూస్తే మంచం కిందికి దూరే భయానికి ఈ మందులు వాడటం గురించి ఒక్కొక్క పిల్లి కథలు, వైద్యుల అనుభవాలు ఉన్నాయి. ఏ పిల్లికి ఏది వెళ్తుందో ఎవరికీ తెలియకుండా చేసిన పెద్ద పరీక్షలు లేవు. ఇక్కడ వైద్యుడి సలహా మీద నమ్మకమే ఆధారం.

మూడు పక్షాలు, మూడు బలహీనతలు

మొదటి పక్షం ప్రవర్తన వైద్యులు. వీరి బలం మూత్రం చిమ్మడంపై వచ్చిన పరీక్షలు. బలహీనత, ఆ బలాన్ని మిగతా జబ్బులకు అప్పుగా తీసుకోవడం. రెండో పక్షం ఇంటి వాతావరణవాదులు. పిల్లి అవసరాల మీద అమెరికా పిల్లి వైద్యుల సంఘం, అంతర్జాతీయ పిల్లి వైద్య సంఘం కలిసి 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు వీరికి అండ. వీరికున్న బలహీనత, యజమాని ఓపిక మీద అతి నమ్మకం. రెండు గదుల ఫ్లాటులో నాలుగు పిల్లులుంటే ఎన్ని అరలు కొట్టినా చోటు పెరగదు. మూడో పక్షం ఆధారాలను తూచేవారు. వీరి బలం కచ్చితత్వం, బలహీనత ఆలస్యం. ఆధారం పండేదాకా ఆగమంటే, ఈలోగా ఆ పిల్లి వీధిపాలవుతుంది.

పక్షాల మధ్య పోటీ ఎంత తిక్కగా ఉంటుందో ఫెరోమోన్ల ఉదంతం చెబుతుంది. పిల్లి బుగ్గల నుంచి వచ్చే వాసనను పోలిన రసాయనాన్ని గదిలో విడుదల చేసే ఉత్పత్తులు తొంభైల నుంచి అమ్ముతున్నారు. 2010లో వచ్చిన ఒక సమీక్ష వీటికి తగిన ఆధారం లేదంది. 2011లో మూత్రం చిమ్మడం మీద వచ్చిన మరో విశ్లేషణ, అందుబాటులో ఉన్న పరీక్షలను కలిపి లెక్కగట్టి, ఫ్లూయాక్సెటిన్, క్లోమిప్రమిన్‌లతో పాటు ఫెరోమోన్లు కూడా ఉత్తుత్తి మందు కన్నా మేలేనంది. ఏ జబ్బును చూశారు, ఏ పరీక్షను లెక్కలోకి తీసుకున్నారు అన్న దాన్ని బట్టే తీర్పు మారింది.

అసలు ప్రమాదం ఎక్కడుంది

మూడు పక్షాలూ ఒప్పుకునే మాట ఒకటుంది. ఈ మందులకు ప్రమాదం మందులోనే కాదు, వాడకంలో ఎక్కువ. పిల్లి కాలేయం పనితీరు మనిషిదానికీ, కుక్కదానికీ భిన్నం. కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే ఒక మార్గం పిల్లిలో బాగా బలహీనం. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలగడానికి కారణం అదే. 'మనిషికి పడేది, పిల్లికి కాస్త తగ్గించి వేద్దాం' అన్న లెక్క పిల్లి దగ్గర పనికిరాదు.

మోతాదు దగ్గర మొదటి ప్రమాదం. ఫ్లూయాక్సెటిన్‌ను పిల్లికి సాధారణంగా కిలో బరువుకు అర నుంచి ఒక మిల్లీగ్రామ్ చొప్పున రోజుకొకసారి రాస్తారు. నాలుగు కిలోల పిల్లికి రెండు నుంచి నాలుగు మిల్లీగ్రాములన్నమాట. మందుల షాపులో దొరికే మామూలు గొట్టం బిళ్లలో 20 మిల్లీగ్రాములు ఉంటుంది. దాన్ని తెరిచి పొడిని కంటి అంచనాతో పంచడం ఏ రోజూ ఒకే మోతాదు ఇవ్వకపోవడమే. క్లోమిప్రమిన్ మాత్ర మనుషులకు 25 మిల్లీగ్రాముల్లో వస్తుంది. పిల్లికి కావలసింది అందులో ఏ పదో వంతో, ఇంకా తక్కువో. ద్రవరూపంలో ఉన్న మందైతే సిరంజితో కొలవొచ్చు గానీ, ఎన్ని మిల్లీలీటర్లో వైద్యుడి చేత రాయించుకోవాలి, కంపౌండరు నోటి లెక్క చాలదు. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెట్టింపు వేయకూడదు.

రెండోది తిండి. 2001 పరీక్షలో మందు తీసుకున్న పిల్లుల్లో దాదాపు సగం తిండి తగ్గించాయని చూశాం. మనిషికి రెండు రోజులు ఆకలి మందగిస్తే పెద్ద విషయం కాదు. పిల్లి, ముఖ్యంగా లావుపాటి పిల్లి, కొన్ని రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి పేరుకుంటుంది. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. అందుకే మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో గిన్నెలో ఎంత వేశాం, ఎంత మిగిలింది అన్నది రాసుకోవాలి. ఒక రోజంతా ముట్టకపోతే వైద్యుడికి ఫోన్ చేయాలి. వాంతులు, మగత, కొన్నిటిలో చిరాకు కూడా కనిపిస్తాయి. క్లోమిప్రమిన్, అమిట్రిప్టిలిన్ వాడితే మలబద్ధకం, మూత్రం బిగబట్టడం, నోరు ఎండటం అదనం. గుండె లయ దెబ్బతిన్న పిల్లికి, మూర్ఛలు వచ్చే పిల్లికి ఈ రెండూ ఇవ్వడానికి వైద్యులు వెనుకాడతారు.

మూడోది మందుల కలయిక. సెరటోనిన్‌ను పెంచే రెండు మందులు ఒకేసారి ఒంట్లో పడితే వణుకు, ఒళ్లు కాగడం, కళ్లపాపలు విప్పారడం, గుండె దడ, చివరికి ఫిట్స్ వస్తాయి. దీన్నే సెరటోనిన్ సిండ్రోమ్ అంటారు. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ ఈ జాబితాలో ఉంది. మతిమరుపు జబ్బుకు కొన్నిసార్లు ఇచ్చే సెలజిలిన్‌ను వీటితో కలిపి ఇవ్వనే కూడదు. గోమార్లు, పేలు పోవడానికి వాడే అమిట్రాజ్ కూడా సెలజిలిన్ పద్ధతిలోనే పనిచేస్తుంది. మన దగ్గర కుక్కలకు, పశువులకు అది వాడుతుంటారు. పిల్లికి అమిట్రాజ్ ఎలాగూ విషమే. ఫ్లూయాక్సెటిన్ మీదున్న పిల్లి అమిట్రాజ్ పూసిన కుక్కను నాకితే రెండు కీడులు ఒక్కచోట చేరినట్టు. ఫ్లూయాక్సెటిన్ ఒంట్లోంచి త్వరగా పోదు. అది మారే రసాయనం కూడా రోజుల తరబడి ఉంటుంది. కనుక ఒక మందు ఆపిన మర్నాడే ఇంకొకటి మొదలుపెట్టకూడదు. ఆపరేషన్‌కు తీసుకెళ్లినా ఈ మాత్ర సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

నాలుగోది చెవికి రాసే జెల్ మీద నమ్మకం. పిల్లి నోట్లో మాత్ర వేయడం ఎంత కష్టమో పిల్లి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. అందుకని విదేశాల్లో కొన్ని మందుల తయారీ దుకాణాలు ఫ్లూయాక్సెటిన్‌ను జెల్‌గా కలిపి చెవి లోపలి చర్మం మీద రాయమని ఇచ్చాయి. 2003లో పరీక్షిస్తే, నోటి ద్వారా ఇచ్చినదానితో పోలిస్తే చర్మం నుంచి రక్తంలోకి చేరింది దాదాపు పదో వంతు. 2004లో అమిట్రిప్టిలిన్ జెల్‌కూ అదే గతి పట్టింది. ఇలాంటి జెల్ వాడితే పిల్లికి మందు అందకపోవచ్చు, 'మందు పనిచేయలేదు' అన్న తప్పుడు ముద్ర మాత్రం పడుతుంది. మిర్టజపిన్ లేపనం పనిచేస్తోంది కదా అంటే, దాన్ని ఆ పద్ధతికే తయారుచేసి, పిల్లుల మీదే పరీక్షించి అనుమతి తెచ్చారు. ఒక మందుకు వచ్చింది ఇంకో మందుకు రావాలని లేదు.

ఐదోది ఓపిక తక్కువ కావడం. పూర్తి ఫలితం చూడటానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. రెండో వారానికే 'లాభం లేదు' అని ఆపేస్తారు. లేదా నాలుగో నెలకు 'బాగయింది' అని ఒక్కసారిగా ఆపేస్తారు. ఆపాలంటే వారాల మీద, అంచెలంచెలుగా మోతాదు తగ్గిస్తూ ఆపాలి. దీపావళి టపాసులకు పిల్లి భయపడుతుందని పండక్కి రెండు రోజుల ముందు ఫ్లూయాక్సెటిన్ మొదలుపెట్టి లాభం లేదు. ఒక్క రోజు భయానికి గాబాపెంటిన్ వంటి వేరే మందులున్నాయి. ప్రయాణ భయానికి, వైద్యశాల భయానికి ప్రిగాబాలిన్ ద్రవానికి ఐరోపాలో 2021లో, అమెరికాలో 2023లో ఆమోదం వచ్చింది. ఏది ఇవ్వాలో వైద్యుడే చెప్పాలి.

ఇంట్లో మనుషులు వాడే మాత్రలు కూడా ఒక ప్రమాదమే. వెన్లాఫాక్సిన్ గొట్టం బిళ్లలంటే పిల్లులకు ఎందుకో ఆకర్షణ. విష నియంత్రణ కేంద్రాల వైద్యులు దీన్ని తరచూ ప్రస్తావిస్తారు. ఎప్పుడు మింగిందో, ఎన్ని మింగిందో తెలియకపోయినా, ఖాళీ అట్టను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాలి. త్వరగా చూపిస్తే కోలుకునే అవకాశాలే ఎక్కువ.

మన దగ్గర పరిస్థితి

హైదరాబాద్, విశాఖ, విజయవాడల ఫ్లాట్లలో పిల్లులు పెరిగాయి. పూర్వం పిల్లి వీధికీ ఇంటికీ మధ్య తిరిగేది. ఇప్పుడు వలలు కట్టిన బాల్కనీలోంచి కింద తిరిగే గండుపిల్లిని చూస్తూ గడుపుతోంది. ఆ గండుపిల్లే ఇంటిపిల్లి గోడ మీద చిమ్మడానికి కారణం కావొచ్చు. అలాంటప్పుడు కిటికీ కింది సగానికి తెర వేయడం మాత్ర కన్నా ముందు ప్రయత్నించాల్సింది. లిట్టర్ ట్రేల లెక్క కూడా అంతే. పిల్లులు ఎన్నుంటే దానికి ఒకటి ఎక్కువ అన్నది అందరూ చెప్పే నియమం. మన ఇళ్లలో మూడు పిల్లులకు ఒకే ట్రే ఉండటం మామూలు.

రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మనకున్నాయి. ఊళ్లో దొరికేది మాత్రం ఎక్కువగా సాధారణ పశువైద్యుడే. పిల్లి ప్రవర్తన మీద గంటసేపు చరిత్ర అడిగే తీరిక ఆయనకు ఉండదు. అందుకే ఆ గంట పని యజమాని ముందే చేసి పెట్టాలి. ఎక్కడ చిమ్మింది, నిలబడా కూర్చునా, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పటినుంచి, ఇంట్లోకి కొత్తగా ఎవరు వచ్చారు, ఏ వస్తువు మారింది. ఫోనులో తీసిన వీడియో ఉంటే ఇంకా మంచిది. కూర్చుని మూత్రం పోస్తే అది చిమ్మడం కాదు. ట్రే నచ్చకపోవడమో, నొప్పో, కీళ్ల జబ్బో అయ్యుంటుంది. దానికి ఫ్లూయాక్సెటిన్ జవాబు కాదు.

ఫ్లూయాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ మన దేశంలో డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందులు. చీటీ లేకుండా కొనగలిగినా కొనకూడదు. మందు మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలో కాలేయం, మూత్రపిండాలు, మూత్ర పరీక్ష, వయసు మళ్లిన పిల్లికి థైరాయిడ్ చూడాలి. నడివయసు దాటిన పిల్లి హఠాత్తుగా కోపిష్టి అయితే పళ్ల నొప్పి, కీళ్ల నొప్పి, అధిక రక్తపోటు, థైరాయిడ్ పెరగడం ముందు అనుమానించాలి. మనసు జబ్బు అనే ముద్ర చివర్లో వేయాలి.

ఇంకా తేలనివి

ఎన్నాళ్లు వాడాలన్నది మొదటి ప్రశ్న. పరీక్షలు వారాల్లో, నెలల్లో ముగిశాయి. పిల్లులు ఈ మందును ఏళ్ల తరబడి తింటున్నాయి. ఐదేళ్లు ఫ్లూయాక్సెటిన్ తీసుకున్న పిల్లి మూత్రపిండాలు ఎలా ఉంటాయో పరీక్షలు చెప్పడం లేదు. తోటి పిల్లుల పోట్లాటకు ఇస్తే కొట్టే పిల్లికి ఇవ్వాలా, దెబ్బలు తినేదానికి ఇవ్వాలా, రెండింటికీనా అన్నది రెండోది. ఇంటి మార్పులతో పాటు మందు ఇస్తే వచ్చే లాభం, ఒక్క ఇంటి మార్పులతో వచ్చేదానికన్నా ఎంత ఎక్కువ అన్నది మూడోది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఇంటి వాతావరణవాదులకూ మందుల వైద్యులకూ మధ్య తగవు తీర్చగలిగే పరీక్ష అది. రెండు గుంపులను పెట్టి, ఒకదానికి ఇంటి మార్పులు, ఇంకోదానికి ఇంటి మార్పులతో పాటు మందు ఇచ్చి, తగినన్ని పిల్లులతో ఏడాది చూస్తే చాలు. కష్టమైన ప్రయోగమేమీ కాదు. పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయిన మందుల మీద డబ్బు పెట్టే కంపెనీ దొరకడమే కష్టం.

యజమానులకు ఒక్క మాట. మగపిల్లి పదేపదే ట్రేలోకి వెళ్లి ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే అది ప్రవర్తన సమస్య కాదు, మూత్రనాళం మూసుకుపోయింది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. మాత్రల చర్చ పక్కనపెట్టి, వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్లండి.